హీటెడ్ లైనర్, గ్లోవ్స్ సెట్టు: వెచ్చదనానికి ఫుల్ మార్కులు, వైరింగ్ కిట్‌కు మాత్రం కాదు

బైక్ బ్యాటరీతో నడిచే 12 వోల్టుల హీటెడ్ జాకెట్ లైనర్ (జాకెట్ లోపల వేసుకునే వేడి పొర), దాని చేతుల చివర తగిలించుకునే హీటెడ్ గ్లోవ్స్, రెండిటినీ నడిపే కంట్రోలర్. ఈ సెట్టు కొన్న చాలామంది రెండో వారానికే ఒక ఫిర్యాదుతో మెకానిక్ దగ్గరికి వెళ్తారు. సెల్ఫ్ పడట్లేదనో, ఫ్యూజ్ ఎగిరిపోతోందనో, జాకెట్ సరిగ్గా వేడెక్కట్లేదనో. తప్పు జాకెట్‌ది అయ్యేది చాలా తక్కువ. బైక్‌లో పుట్టే కరెంటుకూ ఒంటి మీది గేర్ లాగే కరెంటుకూ పొంతన కుదరకపోవడం ఒక కారణం, డబ్బాలో వచ్చే వైరింగ్ కిట్ ఇంకో కారణం. బ్రాండు మారినా కరెంటు లెక్క పెద్దగా మారదు కాబట్టి ఈ రివ్యూ ఒక కంపెనీ గురించి కాదు, ఈ రకం సెట్టు గురించి.

బెంగళూరులో ఉండేవాళ్లకు ఇది అవసరమా అంటే, ఊళ్లో తిరగడానికి అస్సలు అక్కర్లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నంది కొండకో లేపాక్షికో పొద్దున్నే వెళ్లడానికి గాలి చొరబడని జాకెట్టు, మంచి గ్లోవ్స్ చాలు. హార్స్‌లీ హిల్స్, లంబసింగి వైపు చలికాలం రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లకు, స్పితి, లద్దాఖ్ వెళ్లేవాళ్లకు మాత్రం దీని విలువ వేరు. 5 డిగ్రీల చలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఒంటికి మైనస్ 3 లాగా తగులుతుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేకు మీద పట్టు పోతుంది. అందుకే దీన్ని విలాసం కింద కొట్టిపారేయకూడదు.

కరెంటు లెక్క

ఫుల్ సైజు లైనర్ గరిష్ఠంగా సుమారు 90 వాట్లు లాగుతుంది. గ్లోవ్స్ జత 25 నుంచి 30 వాట్లు. రెండూ కలిపి 117 వాట్లు అనుకుంటే 13.5 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. మీరు కొనబోయే సెట్టు డబ్బా మీద వాట్లు ఎంతో చూడండి. వాట్లు రాయకుండా డిగ్రీలు మాత్రమే రాసిన సరుకును కొనకండి.

ఇక బైక్ వైపు చూద్దాం. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 220 వాట్లు అనుకుందాం. ఆ అంకె సాధారణంగా 5,000 ఆర్‌పీఎం దగ్గరిది, ఐడిల్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. ఖర్చులో మొదటిది హెడ్‌లైట్. హెచ్4 బల్బు అయితే 55 నుంచి 60 వాట్లు. 2017 ఏప్రిల్ నుంచి మన దగ్గర అమ్మే టూవీలర్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి పగలు లైటు ఆపి ఆ కరెంటును జాకెట్‌కు మళ్లించే వీలు లేదు. ఫ్యూయల్ పంపుకు 40, ఇగ్నిషన్, ఇంజెక్టర్, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) కలిపి 28, టెయిల్ ల్యాంపు, మీటరు, ఏబీఎస్ యూనిట్ కలిపి 15. మొత్తం 143. మిగిలింది 77. అందులోంచి బ్యాటరీ చార్జ్ కావడానికి 17 వాట్లు పక్కన పెడితే మీ ఒంటికి దక్కేది 60.

అంటే 350 నుంచి 450 సీసీ సింగిల్ సిలిండర్ బైక్ మీద లైనర్, గ్లోవ్స్ రెండూ ఫుల్‌లో పెట్టి నడపడం కుదరదు. రెండూ సగంలో పెడితే 58 వాట్లు, కుదురుతుంది. గ్లోవ్స్ ఒక్కటే ఫుల్‌లో పెడితే ఇంకా హాయిగా కుదురుతుంది. ఫాగ్ లైట్ల జత కూడా బిగించి ఉంటే ఈ లెక్క అక్కడికక్కడే తలకిందులవుతుంది. హీటెడ్ గేర్ వేసుకున్న రోజు ముందు ఆపాల్సింది ఆ లైట్లనే. ఇవి నమూనా అంకెలు మాత్రమే. మీ బైక్ ఆల్టర్నేటర్ సామర్థ్యం సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని పెట్టి మళ్లీ లెక్కేసుకోండి. కొన్ని పాత కార్బురేటర్ కమ్యూటర్ బైకుల్లో లైట్లకు ఒక కాయిల్, బ్యాటరీ చార్జింగ్‌కు వేరే చిన్న కాయిల్ ఉంటాయి. వాటికి గ్లోవ్స్ లాగే కరెంటు కూడా ఎక్కువే.

అసలు దెబ్బ తగిలేది హైవే మీద కాదు, తిరిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు. నంది కొండ నుంచి హాయిగా వచ్చి హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటుంది, 90 వాట్లు పుడుతుంటే బైక్, జాకెట్ కలిపి 260 వాట్లు అడుగుతుంటాయి. ఆ తేడా 170 వాట్లు, అంటే దాదాపు 14 ఆంపియర్లు, బ్యాటరీలోంచి పోతుంది. హిమాలయన్ 411, కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి బైకుల్లో ఉండేది 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ. అందులో సగం ఖాళీ కావడానికి 15 నుంచి 20 నిమిషాలు చాలు. పెట్రోలు కోసం ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) టకటకమంటుంది తప్ప ఇంజిన్ తిరగదు. ఊళ్లోకి రాగానే కంట్రోలర్ ఆపేయడం అనే ఒక్క అలవాటుతో ఈ ఫిర్యాదుల్లో చాలావరకు పోతాయి.

పెద్ద బ్యాటరీ వేస్తే సరిపోతుందని షాపుల్లో సలహా ఇస్తుంటారు. బ్యాటరీ తొట్టి లాంటిది, ఆల్టర్నేటర్ కుళాయి. తొట్టి పెద్దదైనంత మాత్రాన కుళాయి ధార పెరగదు. 8 బదులు 12 ఏహెచ్ వేస్తే దిగిపోవడం కొంచెం ఆలస్యమవుతుంది, ఆ తర్వాత నిండడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, అంతే. పైగా చాలా బైకుల్లో ఆ పెట్టెలో పెద్ద బ్యాటరీ పట్టదు. చలికి లెడ్ యాసిడ్ బ్యాటరీ బలం కూడా తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని సామర్థ్యంలో సుమారు 80 శాతమే చేతికొస్తుంది. కాబట్టి లద్దాఖ్ వెళ్లే బైక్‌కు కావాల్సింది పెద్ద బ్యాటరీ కాదు, కొత్త బ్యాటరీ.

డబ్బాలో వచ్చే వైరింగ్ కిట్

సాధారణంగా ఇందులో రెండు రింగు టెర్మినళ్లు, ఒక ఫ్యూజ్ హోల్డరు, మీటరు నుంచి మీటరున్నర పొడవు తీగ, చివర ఒక గుండ్రటి డీసీ ప్లగ్ ఉంటాయి. బ్యాటరీకి బిగించి సీటు పక్కనుంచి బయటికి తీస్తే పని అయిపోయిందని మాన్యువల్ చెబుతుంది. చిన్న లోడుకు పర్వాలేదు. 8.7 ఆంపియర్లకు మాత్రం మూడు చోట్ల తేడా వస్తుంది.

మొదటిది తీగ మందం. చవక కిట్లలో 0.5 స్క్వేర్ ఎంఎం తీగ ఇస్తారు. మీటరున్నర వెళ్లి మీటరున్నర తిరిగి వచ్చే దారిలో ఆ తీగ ఒక్కటే 0.9 వోల్టులు మింగేస్తుంది. అదే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ అయితే 0.3 వోల్టులు. జాకెట్‌లోని వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. 2 ఓంల లైనర్‌కు 13.5 వోల్టులు అందితే 91 వాట్లు, 12.6 అందితే 79 వాట్లే. జాకెట్ నీరసంగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ తీగ పుణ్యమే.

రెండోది ప్లగ్. ఈ గేర్‌లో ఎక్కువగా వాడేది 5.5 ఎంఎం బయటి కొలత, 2.5 ఎంఎం లోపలి పిన్ను ఉన్న ప్లగ్. చూడటానికి అచ్చం అలాగే ఉండే 2.1 ఎంఎం రకం సీసీటీవీ కెమెరాల్లో, రౌటర్లలో ఉంటుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగ్గానే చేతికిచ్చేది చాలాసార్లు అదే. రెండిటినీ కలిపితే ఒకవైపు కుదరనే కుదరదు, రెండోవైపు వదులుగా కూర్చుని గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా కరెంటు వచ్చిపోతుంటుంది. ఆ చిన్న స్పార్కులకు పిన్ను నల్లబడుతుంది, నల్లబడ్డ పిన్ను వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఇంకో సంగతి, విడిగా దొరికే ఈ ప్లగ్గుల్లో చాలావాటి సామర్థ్యం 5 ఆంపియర్లే. గ్లోవ్స్ కరెంటు కూడా లైనర్ చేతుల్లోంచే వెళ్తుంది కాబట్టి మొత్తం 8.7 ఆంపియర్లూ ఆ ఒక్క ప్లగ్ మీద పడతాయి. బ్యాటరీ నుంచి సీటు దాకా రెండు పిన్నుల ఎస్‌ఏఈ కప్లర్ (తీగలను కలిపే కనెక్టరు) వాడి, జాకెట్ నుంచి వేలాడే తీగ, అంటే తోక దగ్గర మాత్రమే గుండ్రటి ప్లగ్ ఉంచుకోవడం మేలు. ఎస్‌ఏఈలో బైక్ వైపు బయటికి కనిపించే పిన్ను నెగటివ్ అయ్యుండాలి, ప్లాస్టిక్ లోపల దాగినది పాజిటివ్. తిరగేస్తే ఆ బయటి పిన్ను ఫ్రేముకు తగిలిన క్షణం ఫ్యూజ్ పోతుంది. హీటింగ్ తీగకు పాజిటివ్, నెగటివ్ తేడా లేదు గానీ కంట్రోలర్‌కు ఉంది.

మూడోది, ఇగ్నిషన్‌తో పనే లేకుండా నేరుగా బ్యాటరీకి కలపడం. ఇగ్నిషన్ ఆపి తాళంచెవి తీసేసినా ప్లగ్‌లో కరెంటు ఉంటుంది. కొన్ని కంట్రోలర్లు ఆఫ్‌లో ఉన్నా చిన్న ఎల్‌ఈడీ కోసం కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటాయి. నెల రోజులు కదలని బైక్‌కు అదే చాలు.

కిట్‌ను పక్కన పెట్టి ఇలా వేయించుకోవడం మంచిది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 15 సెంటీమీటర్ల లోపు ఫ్యూజ్. అక్కడి నుంచి నాలుగు పిన్నుల 30 ఆంపియర్ల రిలే 30వ పిన్నుకు 2.5 స్క్వేర్ ఎంఎం తీగ. 87వ పిన్ను నుంచి అదే తీగ ఎస్‌ఏఈ కప్లర్‌కు. 85వ పిన్ను ఎర్త్‌కు. 86వ పిన్నుకు ఇగ్నిషన్ ఆన్ చేస్తే మాత్రమే కరెంటు వచ్చే తీగ, అంటే పార్కింగ్ ల్యాంపుదో, నంబర్ ప్లేట్ లైటుదో. రిలే కాయిల్ లాగేది 0.2 ఆంపియరు లోపే కాబట్టి ఆ చిన్న తీగకు భారం కాదు. లోడు నెగటివ్‌ను ఫ్రేముకు కాకుండా బ్యాటరీ నెగటివ్‌కే తీసుకురావాలి. పెయింటు, తుప్పు మీద బిగించిన ఎర్త్ మొదటి వానాకాలం దాటదు. 2.5 స్క్వేర్ ఎంఎం తీగ ఉంటే 15 ఆంపియర్ల ఫ్యూజ్ వేయొచ్చు. 1.5 ఉంటే 10కి మించొద్దు, లైనర్ ఒక్కటే వాడుకోండి. బైక్ కంపెనీ హార్నెస్‌ను (వైర్ల కట్టను) కోయనివ్వకండి. వారంటీ ఉన్న బైక్ అయితే మరీనూ.

రిలే, ఫ్యూజ్ హోల్డరు, ఆటో తీగలు బెంగళూరు జేసీ రోడ్డులో, మల్టీమీటరు, ప్లగ్గులు, హీట్ ష్రింక్ గొట్టం ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. తీగ కొనేటప్పుడు చివర ఒలిపించి చూడండి. రాగి రంగు పూత కింద తెల్లటి అల్యూమినియం కనిపిస్తే వదిలేయండి. ఫ్యూజులు పేరున్న కంపెనీవే తీసుకోండి, పేరు లేని వాటిలో 15 అని రాసి ఉన్నా 25 దాకా పోనివి ఉంటాయి. బిగించే మనిషి జాయింట్లు మెలిపెట్టి టేపు చుడతానంటే ఒప్పుకోవద్దు. తీగ చివర లోహపు లగ్గును గట్టిగా నొక్కి బిగించి (క్రింప్ చేసి), పైన హీట్ ష్రింక్ వేయాలి.

ఇబ్బంది వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి

కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. కొలతలన్నీ బ్యాటరీ టెర్మినళ్ల మీదే తీసుకోవాలి. హ్యాండిల్ మీది చిన్న వోల్ట్‌మీటరు సన్నటి తీగ చివర ఉంటుంది కాబట్టి అర వోల్టు దాకా తక్కువ చూపించవచ్చు. దాన్ని చూసి కంగారు పడి, ఆల్టర్నేటర్ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ మార్పించిన వాళ్లున్నారు.

రాత్రంతా ఆపిన బైక్ మీద ముందు బ్యాటరీ చూడండి. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే ముప్పావు వంతు. 12.0 అంటే దాదాపు ఖాళీ, ముందు చార్జర్ పెట్టి నింపాకే మిగతా పరీక్షలు. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ ముసలిదైంది, మిగతా వైరింగ్‌ను అనవసరంగా విప్పకండి.

తర్వాత హీటెడ్ గేర్ తగిలించకుండా ఇంజిన్ నడిపి 4,000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. 13.8 నుంచి 14.4 రావాలి. 15 దాటితే వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది. ఆ బైక్‌కు గేర్ తగిలించొద్దు, బ్యాటరీ, బల్బులు, కంట్రోలర్ అన్నీ మాడతాయి. అసలు పరీక్ష ఆ తర్వాతిది. లైనర్, గ్లోవ్స్ కలిపి ఫుల్‌లో పెట్టి ఐడిల్‌లో, 3,000 దగ్గర, 4,000 దగ్గర మూడు అంకెలు రాసుకోండి. 4,000 దగ్గర 13.3 పైన నిలబడితే మీ బైక్ ఆ సెట్టును మోయగలదు. 12.7కో ఇంకా కిందికో జారితే మీరు బ్యాటరీని తాగుతున్నారు. అప్పుడు కంట్రోలర్‌ను ఒక్కో మెట్టు తగ్గిస్తూ, ఏ మెట్టు దగ్గర 13.3 దాటుతుందో గుర్తుపెట్టుకోండి. మీ బైక్‌కు అదే గరిష్ఠం, కంట్రోలర్ మీద ఇంకా ఎన్ని గీతలున్నా సరే.

హీటెడ్ గేర్ లేకుండానే 13.5 రాకపోతే తప్పు చార్జింగ్‌లో ఉంది. మన మెకానిక్‌లు ఆర్ఆర్ యూనిట్ అనే రెగ్యులేటర్ రెక్టిఫయర్ దగ్గరి కప్లర్ విప్పండి. లోపల పిన్ను గోధుమ రంగుకు తిరిగినా, ప్లాస్టిక్ ఉబ్బినా సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. 0.05 ఓం చిన్న అడ్డంకి మీదుగా 15 ఆంపియర్లు వెళ్తే 11 వాట్ల వేడి ఆ ఒక్క పిన్నులో పుడుతుంది. కప్లర్ మారిస్తే చాలాసార్లు యూనిట్ మార్చే పనే ఉండదు. కప్లర్ బాగుంటే స్టేటర్, అంటే ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే కాయిల్ చూడాలి. ఇంజిన్ ఆపి స్టేటర్ నుంచి వచ్చే పసుపు తీగల మధ్య ఓంలు కొలవండి. సాధారణంగా ఒక ఓం లోపు వస్తుంది, మూడు తీగలుంటే మూడు జతల్లోనూ సమానంగా రావాలి. మూడు తీగల (త్రీ ఫేజ్) స్టేటర్‌లో ఏ పసుపు తీగకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు పోయే దారి) ఉండకూడదు, ఉంటే కాయిల్ కాలిపోయినట్టే. కప్లర్ విప్పే ఉంచి ఇంజిన్ నడిపితే 5,000 దగ్గర ఏసీ 50 వోల్టులు దాటుతుంది. ఆ తీగలను చేత్తో ముట్టుకోవద్దు. అక్కడ వోల్టేజ్ సరిగ్గా ఉండి బ్యాటరీ దగ్గర రాకపోతే అప్పుడు ఆర్ఆర్ యూనిట్ కొనండి. ఈ వరుస పాటించకుండా ముందే యూనిట్ మార్చేసే షాపులు చాలా ఉన్నాయి. డబ్బు మీది కాబట్టి మీటరు అంకెలు చూపించమని అడగండి.

చిన్న బైకుల్లో ఎక్కువగా వాడే షంట్ రకం రెగ్యులేటర్ మిగులు కరెంటును షార్ట్ చేసి స్టేటర్‌లోనే తిప్పేస్తుంది. అంటే మీరు గేర్ వాడినా వాడకపోయినా స్టేటర్ వేడిగానే ఉంటుంది. హీటెడ్ గేర్ వాడితే స్టేటర్ మాడుతుందన్న భయం ఆ బైకులకు వర్తించదు.

బ్యాటరీ దగ్గర 13.8 ఉన్నా జాకెట్ చల్లగా ఉంటే, గేర్ ఆన్‌లో ఉంచే మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోదాన్ని ప్లగ్ పాజిటివ్ మీద పెట్టండి. వచ్చిన అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజ్. 0.2 వరకు మంచిది. 0.5 దాటితే మధ్యలో ఫ్యూజ్ హోల్డరు, రిలే, కప్లర్ ఒక్కొక్కటి కొలుచుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు. నెగటివ్ వైపు కూడా ఇదే చేయాలి. చాలామంది పాజిటివ్ చూసి వదిలేస్తారు, తప్పు సగం సార్లు ఎర్త్‌లోనే ఉంటుంది.

ఫ్యూజ్ సంగతి. ప్లగ్ పెట్టగానే పోతే షార్ట్. సీటు కింద నలిగిన తీగ, ట్యాంకు అంచుకు రాసుకున్న తీగ ముందు చూడండి. పావుగంట తర్వాత పోతే ఫ్యూజ్ చిన్నది. 10 ఆంపియర్ల ఫ్యూజ్ మీద 8.7 ఆంపియర్లు గంటల తరబడి నడవకూడదు, ముప్పావు వంతులోపు ఉంచాలి. ఫ్యూజ్ బాగుండి హోల్డరు కరిగితే హోల్డరు పట్టు వదులైంది. ఏ సందర్భంలోనూ బైక్‌లో కంపెనీ ఇచ్చిన సాకెట్ ఫ్యూజ్‌ను పెద్దది చేయకండి, వెనకున్న తీగ సన్నది. బ్యాటరీ చార్జర్ కోసం ముందే బిగించిన తీగ వాడుకోవాలనుకుంటే దాని ఫ్యూజ్ చూడండి, చాలావాటిలో 7.5 ఉంటుంది. అది గ్లోవ్స్‌కు చాలు, సెట్టుకు చాలదు. పెద్ద బీఎండబ్ల్యూల్లో సాకెట్‌కు ఫ్యూజ్ బదులు ఎలక్ట్రానిక్ పరిమితి ఉంటుంది. ఎక్కువ లాగితే దానంతట అదే ఆపేస్తుంది, ఇగ్నిషన్ ఆపి వేస్తే మళ్లీ వస్తుంది. దాన్ని చెడిపోవడం అనుకోకండి, నేరుగా బ్యాటరీకి వెళ్లండి.

ఇగ్నిషన్ ఆపిన బైక్ బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతుంటే నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టండి. కొద్ది మిల్లీ ఆంపియర్లు మామూలే. 50 దాటితే ఏదో లాగుతోంది. మీటరు అలా ఉన్నప్పుడు సెల్ఫ్ మాత్రం నొక్కకండి, మీటరు పోతుంది.

వోల్టేజ్ తక్కువైనప్పుడు ముందు కనిపించేవి వేరే వింతలు. ఏబీఎస్ లైటు వెలగడం, గడియారం సున్నాకు రావడం, ఫ్యూయల్ పంపు మోత సన్నబడటం. ఇవి కనిపించగానే కంట్రోలర్ ఆపండి. ఏబీఎస్ సెన్సర్ శుభ్రం చేయించడానికి పరిగెత్తే ముందు బ్యాటరీ వోల్టులు చూడండి.

జాకెట్‌ను, కంట్రోలర్‌ను పరీక్షించడం

లైనర్‌ను విడిగా ఓంలలో కొలవండి. 13.5 వోల్టుల దగ్గర 90 వాట్ల లైనర్ అయితే 2 ఓంలు, 13 వాట్ల గ్లోవ్ ఒక్కటి అయితే 14 ఓంలు. మీటరు కొనలు రెండూ కలిపి చూస్తే వచ్చే 0.2, 0.3 ఓంలను ఇందులోంచి తీసేయాలి. లైనర్‌లో మెడ, ఛాతీ, వీపు, చేతులు వేర్వేరు పలకలుగా సమాంతరంగా కలిపి ఉంటాయి. ఒక పలక తెగితే మొత్తం ఆగిపోదు, ఓంలు పెరుగుతాయి. 2 ఉండాల్సిన చోట 2.6 వచ్చి వీపు మాత్రం చల్లగా ఉంటే అదే. కొలుస్తూనే మోచేయి, భుజం దగ్గర బట్టను మడిచి చూడండి, అంకె ఎగిరితే తీగ లోపల విరిగింది. దాన్ని టంకం వేసి అతికించే ప్రయత్నం చేయకండి, ఆ బిందువే వేడెక్కి బట్టను కాలుస్తుంది. వారంటీకి పంపడమే దారి. దిగుమతి సరుకు అయితే పంపే ఖర్చు ఎవరిదో కొనే ముందే అడగాలి.

ఓంలు సరిగ్గా ఉండీ చలి వేస్తుంటే లైనర్ సైజు, వేసుకున్న తీరు చూడండి. లైనర్ పలుచటి లోపలి చొక్కా మీద ఒంటికి అతుక్కుని ఉండాలి, దాని పైన గాలి ఆగే జాకెట్టు ఉండాలి. బెంగళూరులో ఎక్కువమంది వేసుకునే మెష్ జాకెట్ కింద 90 వాట్లూ గాలికే పోతాయి. మెష్ మీద రెయిన్‌కోటు వేసి చూడండి, సగం మెట్టులోనే చాలంటారు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవాళ్లు ఎక్కువ మెట్టులో వాడకూడదు, కాలినా తెలియదు.

కంట్రోలర్లు కరెంటును క్షణంలో కొంత భాగం ఇచ్చి, కొంత భాగం ఆపి వేడిని తగ్గిస్తాయి. అందుకే సగం మెట్టులో హెడ్‌లైట్ మెల్లగా కొట్టుకున్నట్టు కనిపిస్తుంది, వోల్ట్‌మీటర్ అంకె ఊగుతుంది. ఐడిల్‌లో ఇది మామూలే. హైవే వేగంలో కూడా కొట్టుకుంటే ఎర్త్ బలహీనంగా ఉంది. కొన్ని కంట్రోలర్లు నెగటివ్ వైపు ఆపుతాయి. వాటిలో జాకెట్ నెగటివ్ ఎక్కడైనా ఫ్రేముకు తగిలితే ఏ మెట్టులో పెట్టినా ఫుల్ వేడే వస్తుంది. తిప్పినా వేడి తగ్గట్లేదంటే ముందు చూడాల్సింది ఇదే, కంట్రోలర్ కాలిపోయిందని పారేయకండి.

వేరే దారులు

యూఎస్‌బీ పవర్‌బ్యాంకుతో నడిచే జాకెట్లు 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. నడకకు సరే, 80 వేగానికి చాలవు. 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ గ్లోవ్స్ మాత్రం చిన్న బైకులకు మంచి ఎంపిక. 2,200 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 16 వాట్ అవర్లు, 7 వాట్ల గ్లోవ్ రెండు గంటల పైన నడుస్తుంది. బైక్ వైరింగ్‌తో సంబంధమే లేదు. వాటిని ఏదో అడాప్టర్‌తో నేరుగా బైక్‌కు కలపొద్దు. 13.8 వోల్టులు తగిలితే వేడి దాదాపు మూడున్నర రెట్లవుతుంది. హీటెడ్ గ్రిప్స్ 30 నుంచి 50 వాట్లు. అరచేయి వెచ్చబడుతుంది, వేళ్ల వెనక భాగం చల్లగానే ఉంటుంది. హ్యాండ్‌గార్డులు తోడుంటే బాగా పనిచేస్తాయి.

నా సిఫారసు బైక్‌ను బట్టి మారుతుంది. 350 సీసీ సింగిల్, హాలోజన్ హెడ్‌లైట్ ఉన్నవాళ్లు 12 వోల్టుల గ్లోవ్స్ ఒక్కటే కొనండి, ఒంటికి మంచి విండ్‌ప్రూఫ్ పొర వేసుకోండి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ లైటు వచ్చిన 400, 450 సీసీ బైకుల వాళ్లు పైన చెప్పిన మూడు అంకెల పరీక్ష చేసి, లైనర్‌ను సగం మెట్టుకు సరిపోయేలా చూసుకుని కొనొచ్చు. పెద్ద ట్విన్ (రెండు సిలిండర్ల) బైకుల వాళ్లు మొత్తం సెట్టు తీసుకోవచ్చు. ఏ బైక్ అయినా కిట్ తీగను మాత్రం మార్పించండి. దూర ప్రయాణానికి వెళ్తుంటే సీటు కింద రెండు 15 ఆంపియర్ల ఫ్యూజులు, ఒక రిలే, ఒక 2.5 ఎంఎం ప్లగ్ ఉన్న విడి తోక, మల్టీమీటరు పెట్టుకోండి. స్పితిలోని కాజాలోనూ లేహ్‌లోనూ రిలే దొరకవచ్చు, ఆ ప్లగ్ దొరకడం కష్టం.